కాగితం పైన ఉంది

మా ఊళ్లో నా గురించి ఒక మంచి మాట ఉంది. జెద్దాలో కలిసి పనిచేసిన రోజుల్లో రాజలింగన్న తల్లికి పక్షవాతం వస్తే, నేను ఆఫీసుల చుట్టూ పరుగెత్తి, సెలవు మీద ఊరికి పోయి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ ముద్ర ఐదు రోజుల్లో వేయించి, ఆయన్ని విమానం ఎక్కించానని ఆ మాట. ఐదు రోజులన్నది నిజం. పరుగెత్తడమూ నిజం. ఆ ఐదు రోజులకు ముందు ఒక నలభై రోజులున్నాయి. వాటి సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్లుగా సెలవుకు పోయినప్పుడల్లా ఆ మంచి మాట పేరు చెప్పి ఎవరో ఒకరు కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు. నేను కూర్చుని తాగి వస్తాను. ఒక్కసారైనా కప్పు పక్కన పెట్టి, అది కాదు సంగతి అని చెప్పలేదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం రాజలింగన్న కొడుకు శ్రీకాంత్ నా గదికి వచ్చాడు. జిజాన్‌లో ఒక కట్టడం పని దగ్గర ఇంజినీరుగా చేరి ఏడాదవుతోంది. కంపెనీ పని మీద జెద్దా వచ్చి, తండ్రి పంపిన చింతతొక్కు సీసా ఇచ్చిపోదామని వెతుక్కుంటూ వచ్చాడు. చాయ్ తాగుతూ, ఈ నెల నుంచి తన కింది మనుషుల సెలవుల జాబితా తన చేతికే వచ్చిందన్నాడు. ఎవర్ని ముందు పంపాలో, ఎవర్ని ఆపాలో తనే రాసివ్వాలట. "బాపుకు ఫోన్ల చెప్పిన కాకా. లచ్చన్న కాక లెక్క ఉండు బిడ్డా అన్నడు. అప్పుడు ఎట్ల చేసినవో నిన్నే అడిగి తెలుసుకొమ్మన్నడు" అని నా ముఖంలోకి చూశాడు. నేను కప్పు పక్కన పెట్టాను. నా గొప్ప ఊళ్లో నలుగురి నోళ్లలో తిరిగినంత కాలం ఎవరికీ నష్టం లేదని సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడది పాఠమై, జిజాన్‌లో ఎవరెవరివో సెలవుల మీదికి పోయేలా ఉంది. అతనికి ఏం చెప్పానో తర్వాత రాస్తాను. ముందు పద్నాలుగో నంబరు గది గురించి రాయాలి. ఆ గదికి కొన్నాళ్లు నేను ప్రభుత్వాన్ని.

మా క్యాంపు ఊరికి దక్షిణం వైపు గోదాముల వెనక ఉండేది. గదికి ఎనిమిది మందిమి. నాలుగు రెండంతస్తుల ఇనుప మంచాలు. మూలనున్న మంచం మీద పైన నేను, కింద రాజలింగన్న. జెద్దా ఉక్కపోతకు ఉతికిన బట్టలు ఆరేవి కావు. తడి డ్రెస్సుల వాసన, కొబ్బరి నూనె వాసన, తలుపు బయట విడిచిన పదహారు బూట్ల వాసన కలిసి ఆ గదికి ఒక సొంత గాలి ఉండేది. సాయంత్రం రాజలింగన్న ఎండుమిర్చి, ఎల్లిపాయ వేసి పప్పుకు పోపు పెట్టాడంటే మిగతా వాసనలన్నీ తప్పుకునేవి. పక్క గది బంగ్లాదేశ్ వాళ్లు దగ్గుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. కాసేపటికి ఖుబ్జు రొట్టెలు పట్టుకుని వాళ్లే లోపలికి వచ్చేవాళ్లు. ఆయన ఉప్పు రుచి చూడడు. గంటె మీద నుంచి లేచే ఆవిరిని ఒకసారి పీల్చి, చాలు అంటే చాలు, చాలదు అంటే చాలదు. ఒక్కరోజూ తప్పలేదు. నేను రెండుసార్లు ఆవిరి పీల్చి ఉప్పు వేశాను. రెండుసార్లూ గది మొత్తం మజ్జిగతో అన్నం తింది.

ఆయన ప్లంబరు. నలభై దాటిన మనిషి. పొద్దున బస్సు వేళకు మంచాల కోళ్లను చిటికెన వేలితో తట్టుకుంటూ, పేర్లతో కాకుండా ఊళ్లతో లేపేవాడు. "ఓ మల్లాపూర్, లే. ఓ ఇబ్రహీంపట్నం, లే, బస్సొచ్చింది" అనేవాడు. కళ్లు తెరవక ముందే ఊరి పేరు చెవిలో పడితే మనిషి లేవడానికి కొంచెం వీలుగా ఉంటుందని ఆయన లెక్క. గదిలో ఏ గొడవ వచ్చినా ఆయన మాటే ఆఖరు. సెలవుల వంతు కూడా ఆయనే చెప్పేవాడు. గదికి ఒకసారి ఒక్కరినే పంపేది కంపెనీ. ఎవరు వచ్చి ఎన్నేళ్లయింది, ఎవరింట్లో ఏముంది అని రెండు రోజులు ఆలోచించి ఒక పేరు చెప్పేవాడు. తన పేరు ఎన్నడూ చెప్పుకోలేదు. అట్లా నాలుగేళ్లు దాటిపోయాయి.

ఇక నా సంగతి. ఇరవై నాలుగేళ్లవాణ్ని. ఏసీ మెకానిక్‌ని. ఇంటర్ తప్పాను. గదిలో మాత్రం డిగ్రీ మధ్యలో ఆపేశానని చెప్పాను. ఒకసారి ఆ అబద్ధం ఆడాక దాన్ని పోషించాలి కదా. అందుకని ఏ విషయం వచ్చినా తెలుసనేవాణ్ని. గోధుమలు ఎక్కడ పండుతాయి, ఖర్జూరంలో ఎన్ని రకాలు, అమెరికా సైన్యంలో ఎందరు, అన్నీ తెలుసు. తెలియనివి మరీ గట్టిగా తెలుసు.

ఆ రోజుల్లో మా కంపెనీ యాత్రికులు దిగే ఒక బిల్డింగు మెయింటెనెన్సు చూసేది. అక్కడ మూడో అంతస్తులో ఇస్మాయిల్ సాబ్ అనే పెద్దాయన గదిలో ఏసీ నీళ్లు కారుతుంటే నన్ను పంపారు. మక్కాలో ఉమ్రా యాత్ర చేసుకుని వెళ్లేలోపు ఆయన భార్య పడి తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. ఆమె లేచే వరకు ఆయన జెద్దాలో ఇరుక్కుపోయాడు. చూస్తే మన నిజామాబాద్ బట్టల దుకాణం సేటులా ఉన్నాడు. పాస్‌పోర్టు మాత్రం ఫ్రాన్సుది. తాతల నాడు గుజరాత్ నుంచి బట్టల వ్యాపారానికి పోయి ఒక దీవిలో స్థిరపడ్డారట. మదర్సాలో నేర్చిన ఉర్దూ కొంచెం వచ్చు. తన ఊరి మునిసిపాలిటీలో రెండుసార్లు కౌన్సిలరుగా గెలిచిన మనిషి. ఎన్నికల మనిషికి వినేవాడు దొరక్కపోతే ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నేను ఏసీ మూత విప్పగానే ఆయన తన దీవి ప్రభుత్వం విప్పేవాడు. నిజానికి ఆ ఏసీ మొదటి రోజే బాగైంది. తర్వాత నెలల తరబడి నేను దాన్ని చూడ్డానికి పోతూనే ఉన్నాను. ఆయన కాఫీ బాగా పెట్టేవాడు.

ఆ దీవి పేరు రియూనియన్. హిందూ మహాసముద్రంలో మారిషస్ పక్కన ఉంటుంది. అక్కడికి మన తెలుగువాళ్లనూ, తమిళులనూ చెరకు తోటల పనికి ఓడల్లో తీసుకుపోయారని, వాళ్ల మునిమనవలు ఇప్పుడు అక్కడ మేయర్లుగా కూడా ఉన్నారని చెప్పాడు. ఆ సాయంత్రమే నేను ఆ పేరు గదిలో చెప్పాను. పప్పు కలుపుతున్న రాజలింగన్న గంటె ఆపాడు. "ఓరి, యూనియన్ పేరెత్తకు. ఈడ యూనియన్ అంటే జైల్ల ఏస్తరు. నువ్వేమో రీ యూనియన్ అంటవ్. అంటే మల్లొకపారి పెట్టుడా?" అన్నాడు. యూనియన్ కాదు, దీవి పేరే అది అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి గదిలో ఆ మాట వాడకూడదని తీర్మానమై, అందరం దాన్ని 'దీవి' అనే అన్నాం.

రెండో చిక్కు 'డిపార్ట్‌మెంటు'. తమ దీవి ఫ్రాన్సులో ఒక డిపార్ట్‌మెంటు అని ఇస్మాయిల్ సాబ్ అన్నాడు. మన జిల్లా లాంటిదన్నమాట. ప్యారిస్ చుట్టూ ఎలాంటి డిపార్ట్‌మెంట్లు ఉన్నాయో, వేల మైళ్ల అవతల సముద్రంలో ఈ దీవీ అలాంటిదే. అదే చట్టం, అదే పార్లమెంటు, అదే ఓటు. నాకు తెలిసిన డిపార్ట్‌మెంట్లు మూడే: ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఏసీ. కాబట్టి ఫ్రాన్సు ఒక పెద్ద కంపెనీ అనీ, ఈ దీవి అందులో ఒక డిపార్ట్‌మెంటు అనీ గదిలో వివరించాను. మా వాళ్లకు వెంటనే అర్థమైంది. తప్పు విషయాన్ని అంత స్పష్టంగా చెప్పగల నేర్పు నాకుండేది. రాజలింగన్న మాత్రం ఒక ప్రశ్న వేశాడు. "డిపార్ట్‌మెంటు అయితే దానికి కఫీల్ ఎవడు?"

సౌదీలో మనిషికి కఫీల్ ఉంటాడు. అతని పేరు మీదే మన ఉనికి, మన రాక, మన పోక. ఆ రోజుల్లో మా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. ఈ ప్రశ్న నేను మర్నాడు ఇస్మాయిల్ సాబ్ ముందు పెట్టాను. కఫీల్ అంటే ఏమిటో ఆయనకు చెప్పడానికి ఒక కాఫీ పట్టింది. ఆయన కాసేపు ఆలోచించి, ప్యారిస్ నుంచి ప్రిఫెక్టు అని ఒక పెద్ద అధికారిని దీవికి పంపుతారు, అతను ఎన్నికైనవాడు కాదు, ప్రభుత్వం పెట్టినవాడు, పోలీసులూ చట్టమూ అతని చేతిలో ఉంటాయి, కానీ కఫీల్ అనడానికి లేదు అన్నాడు. జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూపించి, ఇది నా దగ్గరే ఉంటుంది, ప్యారిస్ పోవాలంటే టికెట్ కొనుక్కుని పోతాను, ఎవర్నీ అడగను అన్నాడు. ఈ మాట గదిలో చెప్పాను. ఎనిమిది మంది ఖుబ్జు తుంచుకుంటున్న చప్పుడు మాత్రం వినిపించింది. చాలాసేపటికి రాజలింగన్న, "ఎగ్జిట్ కొట్టేటోడు లేని దేశం కూడా ఉంటదన్నట్టు" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సరిగ్గా అప్పుడే మా ఫోర్‌మన్ అఖ్తర్ భాయ్ ఒక కొత్త పద్ధతి పెట్టాడు. సెలవుల కోసం అందరూ తన మీద పడుతున్నారని, ఇకమీదట గదికి ఒక మనిషి మాత్రమే వచ్చి, రాసిన కాగితం మీద ఒకే పేరు ఇవ్వాలన్నాడు. రాజలింగన్నకు ఉర్దూ రాయడం రాదు, ఇంగ్లీషు రాదు. నాకు రెండూ వచ్చని నేనే ప్రచారం చేసుకుని ఉన్నాను. ఇక చూసుకోండి. ఒక్క మనిషి మాట మీద గది నడవడం పాత పద్ధతనీ, దీవిలో లాగా మండళ్లు ఉండాలనీ ఉపన్యాసం ఇచ్చాను. ఆ దీవికి నిజంగానే రెండు మండళ్లున్నాయి. ఒకటి రోడ్లూ వ్యాపారాలూ చూస్తుంది, ఇంకొకటి ముసలివాళ్లనూ పిల్లలనూ లేనివాళ్లనూ చూస్తుంది. ఒక దీవికి రెండెందుకని అక్కడి వాళ్లే తగువులాడుకుంటారని ఇస్మాయిల్ సాబ్ చెప్పాడు. అయినా నాకు రెండూ కావాలి. కూరగాయలకూ వంటకూ నలుగురితో ఒక మండలి, సెలవులకు ముగ్గురితో ఒక మండలి. ఎనిమిది మందిలో ఏడుగురు ప్రజాప్రతినిధులైపోయారు. మిగిలిన ప్రజ నేనొక్కణ్నే. నేనేమో ప్రిఫెక్టును.

రాజలింగన్న నవ్వుతూనే ఒప్పుకున్నాడు. "చెయ్యనియ్యుండ్రి, పోరనికి ఉబలాటం ఉన్నది" అన్నాడు. నేను బలద్ బజారుకు పోయి ఒక రబ్బరు ముద్ర చేయించాను. ప్రిఫెక్ట్, రూమ్ పద్నాలుగు అని ఇంగ్లీషులో రాసిచ్చాను. చేసినవాడికి ఆ మాట తెలియక, నేను తప్పు రాశానేమోనని దయతలచి దిద్దాడు. ముద్ర మీద 'పర్‌ఫెక్ట్, రూమ్ పద్నాలుగు' అని వచ్చింది. నేను గమనించలేదు. నా ఇంగ్లీషు అంత గొప్పది. మొదటి కాగితం మీద, మెట్‌పల్లి మనిషి సెలవు కాగితం అది, ఆ ముద్ర గట్టిగా గుద్ది అఖ్తర్ భాయ్‌కి ఇచ్చాను. ఆయన చూసి, బస్సు ఎక్కబోతున్న మూడు గదుల వాళ్ల ముందు పగలబడి నవ్వి, దాని అర్థం ఏమిటో అందరికీ చెప్పాడు. ఆ రోజు నుంచి నా పేరు పోయింది. పొద్దున మంచం కోడు తట్టేటప్పుడు రాజలింగన్న నా ఊరి పేరు మానేసి, "లే రా పర్‌ఫెక్టూ, బస్సొచ్చింది" అనడం మొదలుపెట్టాడు. ఆయన ముద్దుగానే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పైమంచం మీద కళ్లు మూసుకుని, ఈ మనిషి ఒకనాడు నన్ను 'సార్' అని పిలవాలి అనుకునేవాణ్ని.

మెట్‌పల్లి మనిషి తిరిగొచ్చాక సెలవుల మండలి మళ్లీ కూర్చుంది. చీటీలు వేశారు. మూడు చీటీల మీదా రాజలింగన్న పేరే. మండలిలో ఆయనా ఒకడు. తన చీటీ మీద ఆయన ఇబ్రహీంపట్నం మనిషి పేరు రాయించబోతే పక్కవాడు వినకుండా ఆయన పేరే రాశాడు. "మా అవ్వ ఫోన్ల రోజొక ముచ్చట చెప్తున్నదిరా. మనిషి నెమ్మదిగ లేదు. పోయొస్త" అన్నాడు ఆయన, ఎవరో తప్పు పట్టినట్టు. నేను కాగితం రాశాను. ముద్ర వెయ్యలేదు. దీవిలో మండలి తీర్మానం చేశాక అది చట్టం ప్రకారం ఉందో లేదో చూడ్డానికి ప్రిఫెక్టుకు రెండు నెలల గడువుంటుందని అందరికీ చెప్పాను. కాగితం మడిచి, పైమంచం మీద నా తలగడ పక్కనుండే రేకు పెట్టెలో పెట్టాను.

రెండు నెలల గడువు మాట ఇస్మాయిల్ సాబ్ చెప్పిందే. నేను సగమే చెప్పాను. తీర్మానాన్ని ఆపే అధికారం ప్రిఫెక్టుకు లేదు. అనుమానం ఉంటే ఆ గడువులోగా జడ్జి దగ్గరికి పోవాలి, తేల్చేది జడ్జి. ఈ రెండో సగం నేను విన్నాను. నాకు బాగా అర్థమైంది. ఉర్దూ రాక పొరబడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ వాక్యం నాకు పూర్తిగా అర్థమైంది, అందుకే దాచాను.

వారం తర్వాత రాజలింగన్న అడిగాడు, కాగితం ఏమైంది తమ్మీ అని. "పైన ఉందన్నా" అన్నాను. పైన అంటే ఆఫీసులో, పెద్దల దగ్గర అని ఆయన అనుకున్నాడు. మనలో ఎవరైనా అట్లాగే అనుకుంటారు. నేను మాత్రం అబద్ధం చెప్పలేదని లోలోపల మురిసిపోయాను. నిజంగానే అది పైన ఉంది. ఆయన తలకు మూడడుగుల పైన. అంత తెలివైన మాట నా జీవితంలో మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. రెండో వారం అడిగాడు, పైన ఉందన్నాను. మూడో వారం అడగడానికి ముందు నాకు చాయ్ తెచ్చి ఇచ్చాడు. కాగితం ముచ్చట ఎత్తకుండా పక్కన నిలబడ్డాడు. నేను కోరుకున్నది ఇంచుమించు అదే. ఆ చాయ్ తాగాను. చక్కెర సరిపోయింది. అప్పుడైనా పెట్టె తియ్యాల్సింది. ఇంకో వారం చూద్దాం, నోరు తెరిచి అడుగుతాడేమో అనిపించింది.

ఆ రోజుల్లోనే ఇస్మాయిల్ సాబ్ భార్య లేచి నాలుగడుగులు వేసింది, వాళ్లు ప్రయాణమయ్యారు. సామాన్లు దించడానికి పోయాను. మీ గది ప్రభుత్వం ఎట్లా నడుస్తోంది అని అడిగాడు. ఒక తీర్మానం నెల రోజులుగా నా దగ్గర ఆపి ఉంచానని గొప్పగా చెప్పాను. జడ్జికి పంపావా అన్నాడు. లేదన్నాను. ఆయన పెట్టె తాడు ముడి వేయడం ఆపి నన్ను చూశాడు. "తో తుమ్ ప్రిఫెక్టు నహీఁ, గవర్నర్ హో బేటా. వో హమారే దాదా కే జమానే మేఁ హోతా థా." అట్లయితే నువ్వు ప్రిఫెక్టువి కాదు, గవర్నరువి, అది మా తాత కాలం సంగతి అని. వాళ్ల దీవి ఇంకా వలసగా ఉన్నప్పుడు, ఓట్లూ మండళ్లూ ఏం చెప్పినా గవర్నరు తలచుకుంటే ఆపేవాడట. దాన్ని వదిలించుకోవడానికే డిపార్ట్‌మెంటు కావాలని వాళ్ల పెద్దలు పోరాడారట. కోపంగా అనలేదు. చెయ్యి కలిపి, కాఫీ పొడి మిగిలింది తీసుకుపొమ్మని డబ్బా నా చేతిలో పెట్టాడు. గవర్నర్ అనే మాట ప్రిఫెక్టు కంటే పెద్దదిగా వినిపించి, నేను ఆ సాయంత్రం దాన్నొక మెప్పుగా మోసుకుంటూ క్యాంపుకు వచ్చాను. ఆయన మాట నాకు తగలాల్సిన చోట తగలడానికి ఇంకో పది రోజులు పట్టింది.

నలభయ్యో రోజు పని దగ్గరికి ఫోన్ వచ్చింది. రాజలింగన్న తల్లికి కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. ఆయన రెంచీ చేతిలో అట్లాగే పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "తమ్మీ, పైనోళ్లను ఒక్కసారి అడుగవా" అన్నాడు. ఆ మాట నేను నలభై రోజులు ఎదురుచూసిన మాట. నేను క్యాంపుకు పరుగెత్తాను. మంచం ఎక్కాను, పెట్టె తీశాను. కాగితం మడత కూడా నలగలేదు. ముద్ర వెయ్యకుండానే తీసుకుపోయి అఖ్తర్ భాయ్ చేతిలో పెట్టాను. తేదీ చూసి ఆయన, ఇన్నాళ్లు ఏం చేశావని అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన తేదీ చూడలేదు. "పహలే క్యూఁ నహీఁ దియా? ఇస్కా తో మైఁ ఉసీ దిన్ కర్ దేతా" అన్నాడు. ముందే ఎందుకివ్వలేదు, ఇతనిదైతే ఆ రోజే చేసేవాణ్ని అని. ఆ తర్వాత ఐదు రోజులు నేను పరుగెత్తిన పరుగు చూసి క్యాంపు అంతా ముక్కున వేలేసుకుంది. ఆఫీసు, పాస్‌పోర్టు, ముద్ర వేసే జవాజాత్ కచేరి, టికెట్. ఎండలో చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరుగెత్తాను. విమానాశ్రయంలో రాజలింగన్న నన్ను కావలించుకుని ఏడ్చాడు. ఊరికి పోయి నా పేరు అందరికీ చెప్పాడు. తల్లి మరో ఏడాది బతికింది. ఆయన్ని గుర్తుపట్టిందో లేదో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆమె మళ్లీ మాట్లాడలేదు. గదిలో నా ప్రభుత్వం ఎవరూ రద్దు చెయ్యకుండానే రద్దయింది. నేనూ మిగతావాళ్లూ ఉప్పు ఎక్కువైన కూరలు తింటూ ఆయన తిరిగి వచ్చే రోజు కోసం చూశాం.

ఇప్పుడు పాస్‌పోర్టు నా జేబులో ఉంటుంది. ఎగ్జిట్ రీఎంట్రీ ఫోన్‌లో వస్తుంది. కాగితం ఎవరి దగ్గర ఆగిందో, ఎన్ని రోజులు ఆగిందో తెర మీద కనిపిస్తుంది. నా కింద పనిచేసే కుర్రాళ్లు ఒకే గదిలో ఉంటూ ఎవరి సెలవు వాళ్లు ఫోన్‌లో పెట్టుకుంటారు. పక్క మంచం మనిషి ఊరేదో కూడా కొందరికి తెలియదు. అది మేలా కీడా అని అడిగితే, మేలే అంటాను. మా రోజుల్లో మనుషుల మధ్య ప్రేమలుండేవని ఈ మధ్య నేనూ మాట్లాడుతున్నాను. ప్రేమలు ఉండేవి, నిజమే. ఆ ప్రేమల మధ్యనే నాలాంటి ఒకడు ఒక రేకు పెట్టెతో నలభై రోజులు హాయిగా పడుకోగలిగాడు. ఈ ఫోన్‌లో అట్లా పడుకోవడం కష్టం.

శ్రీకాంత్‌కు ఇదంతా చెప్పాను. దీవి సంగతి, ముద్ర సంగతి చెప్పినప్పుడు నవ్వాడు. పెట్టె దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపాడు. కప్పు కింద పెట్టి, "ఎన్ని రోజులు కాకా?" అన్నాడు. నలభై అన్నాను. నా మీద కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "నాకు చెప్పినవ్ సరే. బాపుకు చెప్పాలె గదా" అని తన ఫోన్‌లో నంబరు నొక్కి నా చేతికిచ్చాడు.

రాజలింగన్నకు ఇప్పుడు చెవులు మందం. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఒక మనిషి తన తప్పును అంత గట్టిగా అరిచి చెప్పడం ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. పక్క గదివాళ్లు తలుపు తీసి చూశారు. "అన్నా, కాగితం ఆఫీసుల లేకుండె. నా పెట్టెల ఉండె. నలభై రోజులు నేనే ఆపిన" అన్నాను. వినపడలేదేమోనని మళ్లీ చెప్పబోయాను.

"ఇనపడ్డదిరా" అన్నాడు.

ఫోన్‌లో దూరంగా ఏదో బండి పోతున్న చప్పుడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. క్షమించానంటాడేమోనని ఒక ఆశ కూడా లోపల ఎక్కడో ఉంది, దాచుకోవడం ఎందుకు. ఆయన ఆ రెండూ చెయ్యలేదు. చివరికి మెల్లగా, నాతో కాకుండా తనతో తను అన్నట్టు అన్నాడు:

"ఆ నలభై రోజులు మా అవ్వ మస్తు మాట్లాడిందట తమ్మీ. పొద్దంత మాట్లాడేదట, కనపడ్డోళ్లందరితోని. ఏం మాట్లాడిందని నేను పోయినంక అందర్ని అడిగిన. ఒక్కలు కూడ యాది పెట్టుకోలే."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. శ్రీకాంత్ లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. చాలాసేపు అటు ఆయన ఊపిరి, ఇటు నా ఊపిరి వింటూ కూర్చున్నాం.